బోటు షికారుకి ఏం కట్టుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి?

శ్రోతలకు నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే మన బెజవాడలో కృష్ణ ఒడ్డు కళకళలాడిపోతుంది. తెల్లవారుజామున స్నానాలకొచ్చేవాళ్ళు, అరటి దొప్పల్లో దీపాలు వదిలేవాళ్ళు, కాస్త పొద్దెక్కాక క్యారేజీలూ చాపలూ చంకన పెట్టుకుని భవానీ ద్వీపానికి వనభోజనాలకని బోటు కోసం నిలబడేవాళ్ళు. గుంటూరు వైపువాళ్ళయితే మాచర్ల మీదుగా సాగర్ చేరుకుని నాగార్జునకొండకి లాంచీ ఎక్కుతారు. ఇంకాస్త ఓపికున్నవాళ్ళు గోదావరి దాకా వెళ్ళి పాపికొండలు చూసొస్తారు. ఎక్కడికి వెళ్ళినా, ముందురోజు రాత్రి ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఒకటే. రేపు ఏం కట్టుకుందాం, ఏమేం పట్టుకెళదాం అని.

ఆ ప్రశ్నకి నా జవాబు లైఫ్ జాకెట్ దగ్గర మొదలవుతుంది. బోటులో మీ ఒంటి మీద తప్పకుండా ఉండాల్సిన తొడుగు అది. మిగతా బట్టలన్నీ దాని కిందికి ఏవి హాయిగా ఉంటాయో చూసుకుని ఎంచుకోవాలి. చీర రంగూ, ఫొటోలో ఎలా పడతామన్నదీ ఆ తర్వాతి సంగతులు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఈ ఊరివాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. 2017 నవంబరు 12, కార్తీక మాసంలో ఒక ఆదివారం సాయంత్రం. పవిత్ర సంగమం వైపు వెళుతున్న బోటు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు. ఇది జరిగిన రెండేళ్ళకి, 2019 సెప్టెంబరు 15న, గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగింది. అందులో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మంది. బయటపడ్డవాళ్ళలో చాలామందికి ఆ సమయానికి ఒంటి మీద జాకెట్ ఉంది.

జాకెట్ ఇచ్చినా జనం ఎందుకు తీసేస్తారు? ఉక్క. అంతకంటే పెద్ద కారణం నాకు కనిపించలేదు. పైన నైలాన్ గుడ్డ, లోపల మందపాటి ఫోమ్. గాలి చొరబడదు. దాని కింద పట్టు చీరో, సింథటిక్ చొక్కానో, బిగుతైన జీన్సో ఉందనుకోండి, పావుగంట తిరక్కుండానే వీపంతా చెమట. ముందు ఒక బకిల్ తీస్తారు. కాసేపటికి రెండోది. ఆ తర్వాత జాకెట్ మొత్తం విప్పి, మెత్తగా ఉంటుందని దాని మీదే కూర్చుంటారు. పున్నమి ఘాట్‌లో ఒక సెలవురోజు గంటసేపు నిలబడి చూడండి, ఈ దృశ్యం ఒక్కసారైనా మీ కంటపడుతుంది. కాబట్టి మనం వేసుకునే బట్ట, దిగేదాకా జాకెట్ తీయాలని అనిపించనంత తేలికగా ఉండాలి.

అలాంటి బట్టకి మనం దూరం వెళ్ళక్కర్లేదు. మంగళగిరి కాటనూ, చీరాల నేతా చెమట పీలుస్తాయి, త్వరగా ఆరతాయి. లేత రంగులో, వదులుగా, పొడుగు చేతులున్నవి వేసుకుంటే ఎండ నుంచీ కాపుదల. ఎండ పైనుంచి మాత్రమే తగులుతుందనుకోకండి. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు మెడ కిందా గడ్డం కిందా కూడా కమిలిస్తుంది. జీన్సు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. తడిస్తే బరువెక్కుతుంది, సాయంత్రం దాకా ఆరదు. మగవాళ్ళు పంచె కట్టుకుంటామంటే గోచీ పోసి కట్టుకోండి. అడ్డపంచె గాలికి లేస్తుంది, నీళ్ళలో కాళ్ళకి చుట్టుకుపోతుంది.

ఆడవాళ్ళకి చుడీదార్ అన్నిటికంటే వీలు. చున్నీ తీసి సంచిలో పెట్టేస్తే మరీ మంచిది. వేసుకోవాలంటే భుజం మీదుగా అడ్డంగా తెచ్చి నడుం పక్కన ముడేసుకోండి. గాలికి ఎగిరే కొస ఏ ఇనుప కమ్మీకో ఇంజను వైపో పోకూడదు. కానీ కార్తీకంలో పూజ చేసుకుని వచ్చే పెద్దవాళ్ళు చీర మానరు, మానమని నేనూ అనను. అలాంటి వాళ్ళు ఒక పద్ధతి పాటించాలి. కాటన్ చీర, చీలమండ కాస్త కనబడేలా కుచ్చిళ్ళు. కొంగుని వెనక నుంచి ముందుకి తిప్పి నడుం దగ్గర గట్టిగా దోపుకోవాలి. ఆ తర్వాత దాని మీద జాకెట్ వేసుకుని బకిళ్ళన్నీ పెట్టుకోవాలి. చాలామంది జాకెట్ వేసుకున్నాక ఫొటోకి బాగుండదని కొంగు దాని పైకి లాగి కప్పుకుంటారు. అది చెయ్యకండి. అవసరం వచ్చినప్పుడు పట్టుకుని పైకి లాగాల్సినవాళ్ళకి జాకెట్ పట్టీ అందాలి, కొంగు కాదు. నగల విషయానికొస్తే, మెళ్ళో సూత్రాలు జాకెట్ లోపలికి వేసుకుంటే చాలు, హారాలూ వేలాడే జూకాలూ ఈ ఒక్కరోజుకి బీరువాలో ఉండనివ్వండి.

జాకెట్ సరిపోయిందో లేదో చూసుకోవడం తేలికే. బకిళ్ళు పెట్టి పట్టీలు బిగించాక, పక్కవాళ్ళని రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకి లాగమనండి. గడ్డమూ చెవులూ లోపలికి వెళ్ళిపోతే అది మీకు వదులు. పిల్లలకిది తప్పనిసరిగా చూడాలి. పెద్దల జాకెట్ చంటివాడికి వేసి "సరిపోయిందిలే" అనుకుంటాం. నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలి, పిల్లవాడు కిందికి జారిపోతాడు. పిల్లల సైజు అడగండి. లేదంటే ఆ బోటు వదిలెయ్యండి. టిక్కెట్టు డబ్బు పోయినా ఫరవాలేదు. ఇంకో మాట, వీపున తగిలించుకునే బ్యాగు జాకెట్ మీదా వద్దు, కిందా వద్దు. ఒళ్ళో పెట్టుకోండి.

కాళ్ళకి వెనక పట్టీ ఉన్న శాండల్స్ మేలు. రేవు మెట్లకి పాచి ఉంటుంది, బోటులోకి వేసే పలక తడిసి ఉంటుంది. హవాయి చెప్పు జారుతుంది, హీలు ఇరుక్కుంటుంది. నాగార్జునకొండ వెళ్ళేవాళ్ళకి ఈ మాట మరీ వర్తిస్తుంది. సాగర్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయే లోయలోంచి తెచ్చి ఆ ద్వీపం మీద మళ్ళీ పేర్చిన స్తూపాలు, స్నానఘట్టం అన్నీ ఆరుబయటే. మ్యూజియం చూశాక వాటి మధ్య ఎండలో నడవాలి. షుగరున్నవాళ్ళు అలాంటి చోట వట్టికాళ్ళతో అడుగు వెయ్యకండి. రాయి కాలినా బొబ్బ లేచేదాకా తెలియదు. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ప్రయాణం పెట్టుకునే ముందు అది చూసుకోండి.

తలకి తాడున్న టోపీ గానీ తలపాగాలా చుట్టుకున్న కండువా గానీ. గొడుగు వద్దు. ఏటి మధ్యలో గాలి ఒక్క ఊపుకి తిప్పేస్తుంది, దాని పుల్ల పక్కవాళ్ళ కంటికి తగులుతుంది. డిసెంబరు, జనవరిలో పాపికొండలకి వెళ్ళేవాళ్ళకి పొద్దున పూట కొండల మధ్య చలిగాలి ఉంటుంది. శాలువా రెండు చేతులూ మూసేలా కప్పుకోకుండా, పల్చటి స్వెట్టర్ జాకెట్ కిందే వేసుకోండి. ఎండెక్కాక స్వెట్టర్ తీయాలంటే కూర్చునే తియ్యండి, వెంటనే జాకెట్ మళ్ళీ తొడుక్కోండి.

ఇక సంచి. మనవాళ్ళు బోటు షికారు అంటే కాశీయాత్ర సామాను కడతారు. చిన్న గుడ్డసంచి ఒకటి చాలు, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. తాగేనీళ్ళు మాత్రం ఒక్కొక్కరికీ విడిగా, నిండుగా. మజ్జిగ సీసా ఉంటే ఇంకా మంచిది. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు, పక్కనే నాలుగు బిస్కెట్లు. కడుపులో తిప్పేవాళ్ళు డాక్టరునడిగి మాత్ర తెచ్చుకుని ఎక్కడానికి ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచెయ్యదు. ఫోను వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టి, లోపల కాస్త గాలి ఉండగానే మూతి బిగిస్తే, నీళ్ళలో పడ్డా తేలే అవకాశం ఉంటుంది. పాపికొండల దారిలో చాలా చోట్ల సిగ్నల్ అందదు, అందుకని కొంత చిల్లర డబ్బూ, ఇంట్లోవాళ్ళ నంబర్లు రాసిన కాయితమూ ఉంచుకోండి. పొడి బట్టలు ఒక జత, తువ్వాలు, ఒడ్డున కారులోనో బస్సులోనో వదిలెయ్యచ్చు.

తిండి సంగతి. చింతపండు పులిహోరకి సాటి లేదు. సాయంత్రం దాకా పాడవదు, ఒలికేదేమీ ఉండదు. దద్దోజనం తెస్తే మధ్యాహ్నంలోపే తినెయ్యండి. ఊగే బోటులో పులుసూ చారూ ఎందుకు? ద్వీపంలో దిగి ఉసిరి చెట్టు కింద కూర్చున్నాక అన్నీ పెట్టుకోవచ్చు. విస్తళ్ళు తెచ్చుకోండి. ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ తెస్తే, వాటిని వెనక్కి తీసుకెళ్ళడానికి ఒక పెద్ద కవరు కూడా సంచిలో ఉండాలి. బ్యారేజీకి ఎగువన మనం పడేసింది ఈ నదిలోనే ఉంటుంది, బెజవాడ తాగేది ఈ నీళ్ళే. దీపాలూ కర్పూరమూ ఒడ్డున వెలిగించుకోండి. డీజిల్ ఇంజను ఉన్న బోటులో అగ్గిపుల్ల గియ్యకండి.

చివరగా ఒకటి. అన్నీ సర్దుకున్నాక కూడా, బయల్దేరే రోజు పొద్దున బోట్లు తిరుగుతున్నాయో లేదో టూరిజం కౌంటరుకి ఫోన్ చేసి కనుక్కోండి. వరద రోజుల్లో ఆపేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, కట్లు తెంచుకున్న బోట్లు కొట్టుకొచ్చి గేట్లనే ఢీకొట్టాయి. ఆపేశారని తెలిశాక, పక్క రేవులో ఎవరో తక్కువకి తీసుకెళతామంటే ఎక్కకండి. కట్టిన పులిహోర ఆ పూట దుర్గా ఘాట్ మెట్ల మీదో, ఉండవల్లి గుహల దగ్గరో తినండి, బోటు ఇంకో ఆదివారం ఎక్కవచ్చు.

సెలవు. నమస్కారం.