మా అబ్బాయి 151 పెట్టె తెరుస్తున్నాడు

నమస్కారమండీ. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో, మా ఇంటి భోజనాల బల్ల మీద ఉన్న ఈ పెద్ద పెట్టె పేరు ‘పోకెమాన్ 151 అల్ట్రా ప్రీమియం కలెక్షన్’. పోకెమాన్ అనే కల్పిత జీవుల బొమ్మలతో, పిల్లలు పోగుచేసుకుని ఆడుకునే కార్డులు ఇందులో ఉంటాయి. ఇది 2023 అక్టోబరు 6న మార్కెట్లోకి వచ్చింది, కంపెనీ పెట్టిన ధర 119.99 డాలర్లు. మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి పుట్టినరోజుకూ పండగలకూ పెద్దలు చేతిలో పెట్టిన డబ్బంతా దాచుకుని సగం తెచ్చి ఇస్తే, మిగతా సగం నేనూ మా ఆవిడా వేశాం. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకెమాన్ వీడియో గేముల్లోని జీవులు 151 కాబట్టి దీనికి ఆ పేరు వచ్చింది. వాటిలో చివరిది మ్యూ.

సీలు తీయకుండా అటక మీద పెడితే పదేళ్లకు మంచి ధర పలుకుతుందని ఒక మిత్రుడు చెప్పారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు కనుక వారం రోజులు ఆలోచించాను. అయితే లిమిటెడ్ ఎడిషన్ అనగానే లోపల ఉన్నదంతా అరుదైనదేనని తల్లిదండ్రులు అనుకోకూడదు. ఈ పెట్టెకు ప్రత్యేకమైనది ముఖ్యంగా లోహంతో చేసిన ఈ బంగారు రంగు మ్యూ కార్డు, దాన్ని పోటీల్లో ఆడనివ్వరు. ఇందులోని 16 కార్డు ప్యాకెట్లూ ఇదే సిరీస్‌లోని చిన్న పెట్టెల్లో దొరికేవే. ఏ ప్యాకెట్లో ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదు.

కార్డు కింది అంచున ఉన్న అంకెను కూడా పిల్లలతో కూర్చుని చూడండి. ఈ సిరీస్‌లో లెక్కకు ఉన్నవి 165 కార్డులు, ఆ లెక్క దాటి మరో 42 ఉన్నాయి. అందుకే పిల్లలందరూ కలలుగనే చారిజార్డ్ అనే పోకెమాన్ కార్డు మీద 199/165 అని ఉంటుంది. అది అచ్చు తప్పు కాదు.

చిన్నప్పుడు విజయవాడలో మేము డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీ వీరుల ట్రంప్ కార్డులతో ఎత్తు, బరువు పోల్చుకుంటూ ఆడేవాళ్లం. అండర్‌టేకర్ కార్డు చేతికొచ్చిన మధ్యాహ్నం నాకు అన్నం కూడా గుర్తుండేది కాదు. ఆ సంతోషం వీడికి పదేళ్ల తర్వాత కాకుండా తొమ్మిదేళ్ల వయసులోనే దక్కాలని నిర్ణయించుకున్నాను.

వాడు చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని వచ్చి, ఒక్కొక్క ప్యాకెట్‌నూ అంచు చిరగకుండా విప్పాడు. పదహారింటిలోనూ చారిజార్డ్ రాలేదు. పదకొండో ప్యాకెట్లో మాత్రం అడవిలో ఉన్న బల్బసార్ అనే పోకెమాన్ కార్డు వచ్చింది, అంకె 166/165. వాడు దాన్ని వెంటనే ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, వాళ్ల అమ్మకు చూపించి, ఆల్బంలో ఖాళీగా ఉంచిన చివరి పేజీలో అమర్చాడు. రెండేసి వచ్చిన కార్డుల్లో ఆదివారం తెలుగు బడిలో స్నేహితులతో మార్చుకోవలసినవి ఏవో ఇప్పుడు విడిగా పేరుస్తున్నాడు.