కీమో అయిపోయింది, ఇక పండుకోవాలా, నడవాలా? ఓరుగల్లు విద్యార్థులు చేయదగ్గ పరిశోధన

[తెర మీద: హన్మకొండ, వడ్డేపల్లి చెరువు కట్ట. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు.]

నమస్తే.

క్యాన్సర్ ట్రీట్‌మెంట్ ముగించుకుని హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చిన మనిషికి మన ఊళ్లలో మొదట వినిపించే మాట, "నువ్వేం పని ముట్టకు అవ్వా, పండుకో." కోడలు చీపురు పట్టనివ్వదు. కొడుకు బిందె ఎత్తనివ్వడు. అంతా ప్రేమతోనే. కానీ నెలల తరబడి ఆ మంచం మీదే ఉంటే మనిషి కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఫిజియోథెరపీ, నర్సింగ్, ఎంబీబీఎస్, బీపీఈడీ, ఎంపీఈడీ చదువుతూ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కుంటున్న మీరు ఈ విషయాన్ని ఇక్కడే, వరంగల్‌లోనే కొలిచి చూపించగలరని నా గట్టి నమ్మకం. ఎలాగో చెబుతాను.

[తెర మీద: మెట్లెక్కుతున్న మనిషి బొమ్మ. పక్కన శక్తిని చూపే పట్టీ.]

ముందు అలసట సంగతి. కీమో తర్వాత వచ్చే అలసట రాత్రంతా నిద్రపోయినా తీరదు. మందుల ప్రభావం కొంత. దాని మీద మంచం ఇంకొంత కలుపుతుంది. వాడకం తగ్గితే కండరం సన్నబడుతుంది, గుండె పనితనం తగ్గుతుంది. ఇదివరకు మేడ మెట్లు ఎక్కడానికి ఒంట్లో ఉన్న శక్తిలో కొంచెమే ఖర్చయ్యేది. ఇప్పుడు మొత్తం శక్తే తగ్గిపోయింది కాబట్టి అవే మెట్లకు అందులో చాలా భాగం పోతుంది. మనిషి ఆయాసపడి పడుకుంటాడు. పడుకున్నకొద్దీ బలం ఇంకా తగ్గుతుంది. ఈ వరసను తెంపేది నడక, కొంచెం బరువు పని.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని 2019లో మార్గదర్శకాలు ఇచ్చారు. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు, మోస్తరు వేగంతో నడక లాంటి వ్యాయామం. దాంతోపాటు వారానికి 2 సార్లు కండరాల బలం పెంచే వ్యాయామం. క్యాన్సర్ నుంచి కోలుకుంటున్నవాళ్లలో దీనివల్ల అలసట, ఆందోళన, దిగులు తగ్గుతాయని, ఒంటి సామర్థ్యం పెరుగుతుందని తేల్చారు.

మరి ప్రాణం మీద ప్రభావం ఉంటుందా? పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని తీసుకుని, ముఖ్యంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో, 'ఛాలెంజ్' పేరుతో ఒక ట్రయల్ చేశారు. సగం మందికి 3 ఏళ్లపాటు దగ్గరుండి వ్యాయామం చేయించారు. మిగతా సగానికి ఆరోగ్య సూచనల పుస్తకాలు ఇచ్చారు. ఫలితాలు 2025లో వచ్చాయి. 8 ఏళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు వ్యాయామ గుంపులో 90.3 శాతం, పుస్తకాల గుంపులో 83.2 శాతం. నాకైతే ఆ అంకెలు మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఆ 889 మందిని చేర్చుకోవడానికి 2009 నుంచి 2024 దాకా పట్టింది. మీ చేతిలో ఉన్నది కొన్ని నెలలు. కాబట్టి "నడిస్తే ప్రాణాలు నిలుస్తాయా" అన్న ప్రశ్న మీ ప్రాజెక్టుకు వద్దు. "12 వారాలు నడిస్తే అలసట తగ్గుతుందా? మన వాళ్లు ఆ 12 వారాలూ రాగలరా?" అని అడగండి. అంత చిన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరికితే చాలు, ఆ జవాబు మన డాక్టర్లకు పనికొస్తుంది.

[తెర మీద: నీళ్ల బిందె ఎత్తుతున్న చేయి.]

బిందె దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక దగ్గరి గ్రంథులు తీసేస్తే కొందరికి ఆ చేయి వాస్తుంది. లింఫిడిమా అంటారు. అందుకే ఆ చేత్తో ఎప్పటికీ బరువు ఎత్తొద్దని చాలాకాలం చెప్పారు, ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. పల్లెలో బతికే ఆడమనిషికి అలా చెబితే ఇక ఏ పని చేసుకుంటుంది? అలా చేయి వాచిన 141 మంది మహిళలతో అమెరికాలో ఒక ట్రయల్ చేసి 2009లో ఫలితాలు వెల్లడించారు. చేతికి బిగుతైన ప్రత్యేక తొడుగు వేసుకుని, తక్కువ బరువుతో మొదలుపెట్టి, శిక్షకుల దగ్గర నేర్చుకుంటూ మెల్లగా పెంచారు. వాపు ముదిరినవాళ్లు బరువులు ఎత్తిన గుంపులో 14 శాతం, ఎత్తని గుంపులో 29 శాతం. అంటే ఎత్తినవాళ్లకే వాపు తక్కువగా ముదిరింది. అలాగని రేపే నిండు బిందె ఎత్తమని కాదు. అర లీటరు నీళ్ల సీసాతో మొదలు పెట్టించండి, అదీ డాక్టర్ సరే అన్నాకే.

డాక్టర్ అనుమతి మాట ఎందుకంటే, క్యాన్సర్ ఎముకకు పాకినా, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, జ్వరం ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా సంగతి వేరు. వీటిని డాక్టర్ చూసి సరే అననిదే ఎవరితోనూ ఒక్క అడుగు కూడా వేయించవద్దు.

[తెర మీద: పత్తి చేను. ఆ వెంటనే, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్న మహిళ.]

ఇప్పుడు కొలవడం. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర మనిషి రోజూ ఎంత కదులుతున్నాడో తెలుసుకునే జీపాక్ అని 16 ప్రశ్నల పట్టిక ఉంది. పని, రాకపోకలు, ఖాళీ సమయం, ఈ మూడింటి గురించీ విడివిడిగా అడుగుతుంది. దాన్నే వాడండి. ఎందుకంటే పరకాల దగ్గర పత్తి ఏరే అక్కను పట్టుకుని "మీరు వ్యాయామం చేస్తారా?" అంటే "లేదు బిడ్డా" అంటుంది. పొద్దున్నుంచి నడుముకు ఒడి కట్టుకుని సాళ్ల వెంబడి తిరిగిన మనిషి మీ కాగితంలో 'కదలిక లేదు' అన్న గడిలో పడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్తే ఇంకో రకం. అక్కడ బీడీలు చేసే పెద్దమ్మ "పొద్దంతా పనే" అంటుంది, నిజమే. కానీ ఆ పనంతా ఒకచోట కూర్చునే, తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరికీ అన్యాయమే. కాబట్టి ఏం పని, ఎన్ని గంటలు, నిలబడా కూర్చునా, ఎంత ఆయాసం వస్తుందో అడగండి. ట్రీట్‌మెంట్‌కు ముందు ఏం చేసేవాళ్లు, ఇప్పుడు అందులో ఏం మానేశారో కూడా అడగండి.

సామర్థ్యం కొలవడానికి ఖరీదైన మెషీన్లు అక్కర్లేదు. 6 నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల చదును వరండా, టేపు, స్టాప్‌వాచ్ చాలు. 6 నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారో రాసుకోవాలి. అలసిపోతే మధ్యలో ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఓపీ మొదలయ్యాక ఏ ఆసుపత్రి వరండాలోనూ చోటుండదు కాబట్టి పొద్దున్నే పెట్టుకోండి. ఇంకో పరీక్షకు కుర్చీ ఒక్కటి చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టాలి.

[తెర మీద: బతుకమ్మ ఆడుతున్న మహిళలు.]

నడక మోస్తరు వేగమో కాదో తెలుసుకోవడానికి తేలికైన గుర్తు ఉంది. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఒకటి చెబుతాను. బతుకమ్మ ఆడుతూ మన ఆడవాళ్లు పాడతారు కదా. నెమ్మది పాటకు ఊపిరి సరిపోతుంది. చప్పట్ల వేగం పెరిగి, వంగి లేచే ఆట వచ్చేసరికి పాట అందుకునే గొంతులు తగ్గుతాయి. ఏ పాటకు నాడి ఎంత పెరుగుతుందో వేలికి పెట్టే ఆక్సీమీటరుతో, ఆట ఆగిన వెంటనే, కొలవవచ్చు. కోలుకుంటున్న మహిళకు "ట్రెడ్‌మిల్ ఎక్కు" అనేకంటే "ఈ పాటకు నీ ఈడువాళ్లతో ఆడు" అనడం ఎంత సులువు! ఎవరైనా దీన్ని తీసుకుంటే నాకు చాలా సంతోషం.

ఒక జాగ్రత్త. కీమో ఆగాక కొంత కోలుకోవడం దానంతట అదే జరుగుతుంది. కాబట్టి నడిపించిన గుంపును ఒక్కదాన్నే చూసి "నడకతోనే బాగుపడ్డారు" అని రాయకూడదు. పోల్చడానికి రెండో గుంపు కావాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్తారో చీటీ తేల్చాలి, మీ ఇష్టం కాదు. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయవద్దు. నీరసం ఎక్కువైనవాళ్లే మానేస్తారు. వాళ్లను వదిలేస్తే మిగిలేది బాగున్నవాళ్లు, మీ ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. బస్సు కిరాయి లేక మానేశారా, పత్తి తీసే పని వచ్చి మానేశారా, ఒళ్లు బాగాలేకనా, ఆ కారణం రాసుకోండి. నా దృష్టిలో మీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైన పేజీ అదే అవుతుంది.

[తెర మీద: బడి ఆవరణలో సుద్దతో గీసిన తొక్కుడు బిళ్ల గడులు.]

ఇక పిల్లలు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్. దాని ట్రీట్‌మెంట్ రెండు, మూడేళ్లు సాగుతుంది. అందులో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు కాళ్ల నరాలను దెబ్బతీయవచ్చు. పాదం ముందుభాగం పైకి లేవదు, చెప్పు జారుతుంది, తట్టుకుని పడతారు. స్టెరాయిడ్ల వల్ల తొడ కండరాలు తగ్గి, నేల మీంచి లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తుంది. ఎముకలూ పలచబడతాయి. డాక్సోరూబిసిన్ లాంటి మందులు గుండె మీద ప్రభావం చూపవచ్చు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా. అందుకే ఆ పిల్లలను ఆటకు దించేముందు గుండె పరీక్ష సంగతి వాళ్ల డాక్టర్‌ను అడగాలి.

అడిగి సరే అనిపించుకున్నాక తొక్కుడు బిళ్ల చూడండి. ఒంటికాలి మీద గెంతడం, ఆగడం, వంగి బిళ్ల తీయడం. నిలకడ, తొడ బలం, ఎముకకు చిన్న తాకిడి, మూడూ అందులో ఉన్నాయి. మొదట రెండు కాళ్లతో, గోడ పట్టుకుని. కబడ్డీ లాంటి ఒంటిమీద పడే ఆటలు మాత్రం ప్లేట్‌లెట్లు సరిగ్గా ఉన్నాయని తేలేదాకా వద్దు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల సంగతీ ఏమంత బాగాలేదు. 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు మోస్తరు నుంచి గట్టి కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతానికి అది అందడం లేదని 146 దేశాల 2016 లెక్కలు చెప్పాయి. మీరు బీపీఈడీ విద్యార్థులైతే సోఫిట్ అనే పద్ధతి నేర్చుకోండి. గేమ్స్ పీరియడ్‌లో ఒక పిల్లవాడిని 10 సెకన్లు చూడాలి, తర్వాతి 10 సెకన్లలో రాయాలి. పడుకున్నాడా, కూర్చున్నాడా, నిలబడ్డాడా, నడుస్తున్నాడా, గట్టిగా కదులుతున్నాడా, ఈ ఐదే. పీరియడ్‌లో సగం లైన్లో నిలబడటానికే పోతోందేమో మీ కాగితమే చెబుతుంది. అదే బడిలో క్యాన్సర్ తగ్గి తిరిగొచ్చిన పాప ఉంటే, ఆమెను ఆటలోకి దించకుండా ఎందుకు పక్కన కూర్చోబెట్టారో అమ్మానాన్నలతో, పీఈటీ సార్‌తో విడివిడిగా మాట్లాడి తెలుసుకోవడం కూడా పరిశోధనే.

[తెర మీద: తెలుగులో అచ్చువేసిన సమ్మతి పత్రం.]

అనుమతులు లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. కాలేజీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. చీటీలు వేసి వ్యాయామం చేయించే ట్రయల్ అయితే, మొదటి మనిషిని చేర్చుకునే ముందే సీటీఆర్‌ఐలో, అంటే ఇలాంటి ట్రయల్స్ నమోదు చేసే మన దేశపు రిజిస్ట్రీలో, రిజిస్టర్ చేయాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. ఎంబీబీఎస్ వాళ్లకు ఐసీఎంఆర్ 1979 నుంచే రెండు నెలల పరిశోధనకు స్టూడెంట్‌షిప్ ఇస్తోంది, అప్లై చేసి చూడండి.

చివరి కొలత తీసుకున్న రోజున ప్రతి ఒక్కరికీ తెలుగులో ఒక కాగితం రాసివ్వండి: మొదటి రోజు 6 నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారు, ఇవాళ ఎన్ని మీటర్లు. పోల్చడానికి ఊరికే ఉంచిన రెండో గుంపు వాళ్లకు ఆ వచ్చే వారం నుంచే నడక నేర్పడం మొదలుపెట్టండి.