ఆకలి లేదని కంచం పక్కన పెట్టకండి

నమస్తే అండీ. ఈమధ్య నలభై అయిదు దాటిన ఆడవాళ్లు ఎవరు కలిసినా ఇదే మాట. "సూది మొదలుపెట్టానండీ. పొద్దున టీ తాగితే సాయంత్రం దాకా ఆకలే వెయ్యట్లేదు. ఎంత హాయిగా ఉందో!"

నా భయం ఆ హాయితోనే.

బరువు తగ్గడానికి వారానికొకసారి పొట్టకో తొడకో వేసుకునే సూది ఇది. మన దేశంలోకి 2025 మార్చిలో మౌంజారో వచ్చింది, జూన్‌లో వెగోవీ వచ్చింది. మొదటిదాంట్లో మందు టిర్జెపటైడ్, రెండోదాంట్లో సెమాగ్లుటైడ్. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఆకలి తగ్గుతుంది. పనిచేస్తుందా? చేస్తుంది. 2021లో వచ్చిన స్టెప్ 1 అనే ట్రయల్‌లో, అంటే మనుషుల మీద మందుని పరీక్షించి చూసిన అధ్యయనంలో, సెమాగ్లుటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. మందుతో నాకు ఏ పేచీ లేదు. నేనూ డాక్టర్ రాసిస్తేనే వాడుతున్నాను.

కానీ అదే ట్రయల్‌లో కొంతమందికి స్కాన్ తీస్తే, పోయిన బరువులో మూడో వంతు పైనే కొవ్వు కానిది. కండ కూడా అందులోదే. మనకేమో నెలసరి ఆగే వయసు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోయి ఎముకలు అసలే పలచబడుతుంటాయి. దానికి తోడు కండ కూడా పోతే, బాత్రూంలో కాలు జారినప్పుడు నిలదొక్కుకునేది దేనితో?

ఇంకోటి, మన ఇళ్లలో ఆడవాళ్లు తినేది ఆఖరున. పప్పు పిల్లలకి, చేప ముక్క ఆయనకి. మనకి మిగిలేది గిన్నె అడుగున చారు, ఇంత అన్నం. ఆకలి ఉన్న రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చాం. సూది వేసుకున్నాక నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. ఆ నాలుగూ చారన్నమే అయితే ఒంటికి పట్టేదేముంటుంది?

అందుకే నేను ముందే కూర్చుంటున్నాను. మొదటి రోజు మా అత్తగారు వింతగా చూశారు. చూడనివ్వండి. ముందు గుడ్డో, ముద్దపప్పో, చేప ముక్కో, ఆ తర్వాతే అన్నం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! బరువు తగ్గే రోజుల్లో ఇంకాస్త ఎక్కువే తినమని చాలామంది డాక్టర్లు చెబుతారు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం అడిగి తినాలి. ఒక్కసారే తినలేకపోతే పొద్దున పెసరట్టు, నాలుగింటికి శనగ గుగ్గిళ్లు. వికారంగా ఉన్న రోజు బజ్జీల జోలికి వెళ్లకండి. మలబద్ధకానికి నీళ్లు, మజ్జిగ, ఆకుకూర.

"రోజూ వాకింగ్ చేస్తున్నా కదా" అంటారు. మంచిదే, కానీ కండ నిలవడానికి అదొక్కటే చాలదు. వారానికి కనీసం రెండు రోజులు కండల మీద బరువు పడే వ్యాయామం చెయ్యాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి చూడండి, తొడలే చెబుతాయి.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ మాత్ర గానీ వాడేవాళ్లు, ఈ సూది వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే షుగర్ బాగా పడిపోవచ్చు. ముందే డాక్టర్‌కి చెప్పండి. నెలలు తప్పుతున్నాయి కాబట్టి ఇక గర్భం రాదనుకోవద్దు. మౌంజారో మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్ర సరిగ్గా పనిచేయకపోవచ్చు. వేరే జాగ్రత్త కూడా పడాలి.

మందు ఆపాలనుకున్నా మీ అంతట మీరే ఆపేయకండి. స్టెప్ 1లో ఆపినవాళ్లకి ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది.

పై కడుపులో తట్టుకోలేనంత నొప్పి వచ్చి, వీపులోకి పాకి, వాంతులు ఆగకపోతే అది పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు, పిత్తాశయంలో రాళ్లూ కావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. అర్ధరాత్రయినా సరే, ఇంట్లోవాళ్లని లేపి ఆసుపత్రికి వెళ్లండి.