సొమ్మొకరిది, స్టేడియం ఇంకొకరిది

2000 మార్చి 26న అమెరికాలోని సియాటిల్‌లో కింగ్‌డోమ్ అనే స్టేడియాన్ని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. చూస్తుండగానే నేలమట్టం. దాని మీద చేసిన అప్పు మాత్రం 2015లో గానీ తీరలేదు. అంటే కూలిపోయిన స్టేడియానికి పదిహేనేళ్లు వాయిదాలు కట్టారన్నమాట. కట్టింది హోటల్ గదుల మీద వేసిన పన్నుతో. మీలో ఎవరైనా ఆ రోజుల్లో ఆఫీసు పని మీద వెళ్లి అక్కడ హోటల్లో దిగి ఉంటే, మీరూ ఓ చెయ్యి వేసినట్టే!

ఊరి డబ్బుతో స్టేడియాలు కట్టడం అమెరికాలో పాత అలవాటే. దాని వెనకున్న అసలు కిటుకు బాండ్లలో ఉంది. నగరపాలక సంస్థ బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. ఆ వడ్డీ మీద కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు. బడికీ, మంచినీటి పైపులకీ అయితే సరే. కోటీశ్వరుడి టీమ్‌కి ఎందుకు?

ఒక చిన్న లెక్క చెప్తాను. మామూలు బాండు మీద 5 డాలర్ల వడ్డీ వస్తుందనుకోండి. 37 శాతం పన్ను కట్టే ఆసామికి పన్ను పోగా మిగిలేది 3.15. అదే పన్ను లేని బాండయితే 4 డాలర్లిచ్చినా ఎగిరి గంతేసి కొంటాడు. నగరానికి మిగిలింది ఒక డాలరు. దేశ ఖజానాకి పోయింది 1.85. మధ్యలో 85 సెంట్లు? ఆ ఆసామి జేబులోకే. ఒక్క పెద్ద ప్రొఫెషనల్ టీమ్ కూడా లేని వయోమింగ్ రాష్ట్రం వాళ్లూ దీన్ని మోయాల్సిందే.

1986లో దీన్ని ఆపాలనే చట్టం మార్చారు. స్టేడియం వాడకంలో ప్రైవేటు వాటా, అప్పు తీర్చడంలో ప్రైవేటు డబ్బు, రెండూ పది శాతం దాటితే పన్ను మినహాయింపు ఉండదన్నారు. టీమ్ ఆడుకునేదే అక్కడ కాబట్టి మొదటిది ఎలాగూ దాటుతుంది. మరి రెండోది దాటకుండా ఉండాలంటే? టీమ్ దగ్గర అద్దె పెద్దగా తీసుకోకూడదు! అప్పంతా జనం పన్నులతోనే తీర్చాలి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

2016లో బ్రూకింగ్స్ అనే పరిశోధనా సంస్థ లెక్క కట్టింది. 2000 నుంచి కొత్తగా కట్టిన, లేదా భారీగా మార్చి కట్టిన 45 స్టేడియాల్లో 36కి ఎంతోకొంత ఈ బాండ్లు వాడారట. కేంద్ర ఖజానాకి పడిన బొక్క 320 కోట్ల డాలర్లు. అందులో ఒక్క న్యూయార్క్ యాంకీ స్టేడియం వాటానే 43 కోట్ల పైన. బేస్‌బాల్‌లో బాగా డబ్బున్న టీమ్ అది!

ఉద్యోగాలొస్తాయి, వ్యాపారం పెరుగుతుంది అంటారు. ఆటకి పెట్టే డబ్బు జనం సినిమాకో హోటల్‌కో పెట్టేవాళ్లే కదండీ. కొత్తగా పుట్టేది చాలా తక్కువని ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది ఎప్పట్నుంచో చెప్తున్నారు.

ఆపాలని ప్రయత్నాలు జరిగాయి. 1996లో సెనేటర్ మోయ్నిహాన్ బిల్లు పెట్టారు. ఒబామా బడ్జెట్‌లో ప్రతిపాదించారు. 2017లో ప్రతినిధుల సభ పాస్ చేసిన పన్నుల బిల్లులోనూ ఈ మాట ఉంది, తుది చట్టంలోకొచ్చేసరికి మాయం. ఇందులో పార్టీల గొడవ కూడా లేదు. ఆ ఏడాదే డెమొక్రాట్ సెనేటర్ బుకర్, రిపబ్లికన్ సెనేటర్ లాంక్‌ఫర్డ్ కలిసి బిల్లు తెచ్చారు. అదీ ముందుకి కదల్లేదు. ఏ నాయకుడికైనా తన ఊరి టీమ్ వెళ్లిపోతుందేమోనని టెన్షన్.

ఆ బెదిరింపు ఉత్తది కాదు. 2016లో రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ సెయింట్ లూయిస్ నగరం వదిలి లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయింది. అక్కడ జనం డబ్బుతో కట్టిన డోమ్ స్టేడియం అప్పుకి రాష్ట్రం, నగరం, కౌంటీ కలిసి టీమ్ వెళ్లిపోయాక కూడా ఏటా 2 కోట్ల 40 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. తర్వాత దావా వేసి 2021లో 79 కోట్ల డాలర్లు రాబట్టుకున్నారు, అది వేరే కథ. మరి ఆ టీమ్ యజమాని క్రోంకీ కొత్త ఊళ్లో ఏం చేశాడో తెలుసా? సోఫై స్టేడియాన్ని ప్రైవేటు పెట్టుబడితోనే కట్టించి, 2020లో తెరిచాడు.