ఫెన్‌వే పార్కులో పరాయి జట్టు అభిమాని

శ్రోతలకు నమస్కారం. డాలస్‌లో ఉంటూ టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు మోజులో పడ్డ తెలుగువారు, సెలవులకు బోస్టన్ వెళ్లినప్పుడు తమ జట్టు అక్కడ ఆడుతోందని తెలిస్తే ఊరుకోరు. 1912లో తెరిచిన బేస్‌బాల్ మైదానం, ఫెన్‌వే పార్కు అది. చూడాల్సిందే. కాకపోతే కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లాలి.

ముందు తేదీ. ఊరికి వచ్చిన జట్టు మామూలుగా వరుసగా మూడు రోజులు ఆడుతుంది. మొదటి రోజు టికెట్టే కొనండి. కారణం వాన. ఆట అసలు మొదలే కాకపోతే, మళ్లీ ఆడే రోజుకు ఆ టికెట్ చెల్లుతుంది. జట్టు ఇంకా ఊళ్లోనే ఉంటే చాలాసార్లు మర్నాడే రెండు ఆటలు ఆడించేస్తారు. చివరి రోజు వాన పడిందా, ఆట ఏ నెలకో పోతుంది, మీ విమానం మాత్రం ఆగదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆటకు 9 ఇన్నింగ్స్, ఒక్కోదానిలో రెండు జట్లూ ఒకసారి బ్యాటింగ్ చేస్తాయి. 5 ఇన్నింగ్స్ అయ్యాక ఒక జట్టు ఆధిక్యంలో ఉండగా వానకు ఆపేస్తే అది పూర్తయిన ఆటే. తడిసినందుకు మరో టికెట్ ఇవ్వరు.

ఇక సీటు. బయటి జట్టు కూర్చునే డగౌట్ ఇక్కడ మూడో బేస్ వైపు ఉంటుంది. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక నుంచి చూస్తే ఎడమ చేతి పక్క. సాయంత్రం నీడ ముందుగా వచ్చేదీ అటే. కుడివైపు చివర 1 నుంచి 8 దాకా ఉన్న సెక్షన్లు చవగ్గా కనిపిస్తాయి గానీ, ఆ కుర్చీలు బ్యాటర్ వైపు తిరిగి ఉండవు. మూడు గంటలు మెడ తిప్పి కూర్చోవాలి. గ్రాండ్‌స్టాండ్‌లో ఇనుప స్తంభాలు మరో బెడద. స్తంభం వెనక సీటు పడితే బంతి విసిరే పిచ్చర్ గానీ బ్యాటర్ గానీ, ఒకరే కనిపిస్తారు. కొనేముందు ఆ సీటు నుంచి కనిపించే దృశ్యం ఫొటో చూడండి. ఎడమ చివర 310 అడుగుల దూరంలో నిలబడ్డ 37 అడుగుల పచ్చగోడ, గ్రీన్ మాన్‌స్టర్, ఎక్కడ కూర్చున్నా కంటపడుతుంది.

వెళ్లేటప్పుడు గ్రీన్ లైన్ మెట్రోలో బి, సి, డి రైళ్లలో ఏదైనా ఎక్కి కెన్‌మోర్‌లో దిగాలి. ఇ రైలు అటు పోదు. సూట్‌కేసు హోటల్లోనే పెట్టండి. టికెట్ ఫోన్‌లో ఉంటుంది కాబట్టి చార్జింగ్ నిండుగా ఉండాలి. ఏప్రిల్‌లో అయితే స్వెట్టర్ తప్పనిసరి. ఫెన్‌వే ఫ్రాంక్ అంటే ఇక్కడి హాట్‌డాగ్, అందులో ఉండేది మాంసం. శాకాహారులకు వేరుశెనక్కాయలు, పాప్‌కార్న్, పిజ్జా దొరుకుతాయి.

క్రికెట్ అలవాటున్నవాళ్లు పొరబడేది ఒకచోట. ఇక్కడ టాస్ లేదు, బయటి జట్టే ఎప్పుడూ ముందు బ్యాటింగ్ చేస్తుంది. పది నిమిషాలు ఆలస్యమైతే పోయేది మీవాళ్ల బ్యాటింగే. గంటన్నర ముందే చేరితే ఇంకో లాభం. ఇంటి జట్టు సాధన ముందుగా అయిపోతుంది కనుక, గేట్లు తెరిచాక నెట్ దగ్గర తరచు కనిపించేది బయటి జట్టే. స్టాండ్స్‌లోకి వచ్చిన బంతి పట్టుకున్నవారిదే, తిరిగి విసరనక్కర్లేదు.

ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాలు. స్కోరు సమమైతే డ్రా ఉండదు, 10వ ఇన్నింగ్స్ మొదలవుతుంది. రాత్రి ఆట అయితే ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసి పెట్టుకోండి.