బామ్ ఘాటు తెలిస్తే సరిపోదు
(హైదరాబాద్‌లో ఆశా కార్యకర్తల శిక్షణలో ఒక ఈఎన్‌టీ డాక్టర్ ప్రసంగ పాఠం)

నమస్తే అమ్మా. పొద్దున్నుంచి ఎండలో బస్తీలు తిరిగి వచ్చారు, అందుకని సూటిగా విషయానికి వస్తాను.

జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను, కోవిడేమోనని, "వాసన తెలుస్తోందా?" అని అడుగుతాం. "ఆ, తెలుస్తోంది" అంటారు. రాసుకుని పంపేస్తాం. ఆ ఒక్క జవాబునే నమ్ముకోవద్దు. 2020లో ఇరాన్‌లో 60 మంది కోవిడ్ రోగులకు వాసన పరీక్ష పెడితే 59 మందిలో ఎంతో కొంత లోపం కనిపించింది. ఆ సంగతి ముందే గమనించుకున్నవాళ్లు సగం మంది కూడా లేరు.

ఆ రోజుల్లోనే టోలిచౌకి నుంచి ఒకావిడ వచ్చింది. "నా ముక్కుకేం కాలేదు డాక్టర్‌గారూ, బామ్ ఘాటు బాగా తెలిసింది" అంది. కళ్లు మూసుకోమని ముక్కు దగ్గర కాఫీ పొడి పెట్టాను. గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. "మూత తీశారా?" అని అడిగింది. కళ్లు తెరిచి పొడి చూసి ఏడ్చేసింది. ముందు రోజు పాలు మాడిపోతుంటే పక్కింటివాళ్లు తలుపు కొట్టేదాకా తెలియలేదట.

బామ్, కర్పూరం, అమ్మోనియా లాంటివాటి ఘాటును పట్టుకోవడం వాసన నరం పని కాదు. ముఖానికి మంట, చల్లదనం తెలిపే ట్రైజెమినల్ నరం దాన్ని పసిగడుతుంది. వాసన పూర్తిగా పోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి పరీక్షకు బామ్ వద్దే వద్దు.

అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాసన పరీక్ష ఒకటుంది. 40 వాసనలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. అందులో రూట్ బీర్ అనే అక్కడి కూల్‌డ్రింక్ వాసన కూడా ఉంది. మన బస్తీలో అదెవరికి తెలుసు? చెప్పలేకపోతే ముక్కుదా తప్పు?

మన వంటింట్లోవే చాలు: కాఫీ పొడి, లవంగం, నిమ్మతొక్క, కొత్తిమీర. మీరు మాస్క్ పెట్టుకోండి. మనిషికో కొత్త పొట్లం వాడండి. కళ్లు మూయించి, ఒక్కో ముక్కురంధ్రం విడిగా చూడండి. మధ్యలో ఖాళీ పొట్లం కూడా ఒకటి పెట్టండి. "వస్తోందా?" అనొద్దు, "కాఫీనా, నిమ్మా, లవంగమా, సబ్బా?" అని అడగండి. నాలుగింట్లో ఒకటి ఊరికే ఊహించి చెప్పినా కరెక్టైపోవచ్చు, అందుకే ఒక్కదానితో ఆపొద్దు.

దీంతో కోవిడ్ అని తేల్చేయలేం. అలర్జీ వల్లా, జలుబు వల్లా వాసన పోతుంది. వాసన బాగా తెలిసినంత మాత్రాన కోవిడ్ లేదనీ కాదు. అనుమానం ఉంటే టెస్టుకు పంపండి.

వాసన పోయినవాళ్ల ఇంట్లో గ్యాస్ గురించి తప్పకుండా చెప్పండి. సిలిండర్ లీకైతే మనకు తెలియాలనే ఆ కంపు కలుపుతారు, వీళ్లకు అది కూడా తెలియదు. రాత్రి రెగ్యులేటర్ ఆపే పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పమనండి.

పొట్లాలు ఇక్కడున్నాయి. ముందు వరుసలో నలుగురు రండమ్మా, మొదట మీ ముక్కులే చూద్దాం.