కట్టించిన గుడిలో పాడనివ్వలేదు: నాగరత్నమ్మ, ముద్దుపళని, ఒక రాధ

నమస్కారం. ఏటా పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనను మనలో చాలామంది టీవీలోనైనా చూసే ఉంటారు. విద్వాంసులూ విదుషీమణులూ బారులు తీరి కూర్చుని, నాటరాగంలో ‘జగదానందకారక’తో మొదలుపెట్టి శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’ దాకా పంచరత్న కీర్తనలు పాడతారు. కెమెరా ఎప్పుడూ ఆ బారులమీదా, స్వామివారి విగ్రహంమీదా ఉంటుంది కనుక, సమాధి మందిరానికి అభిముఖంగా చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీ శిలావిగ్రహం మన కంట పడడం అరుదు. ఆ మందిరాన్ని కట్టించింది ఆవిడే. కట్టించిన తరువాత, ఇక్కడ నువ్వు పాడడానికి వీల్లేదని చెప్పించుకున్నదీ ఆవిడే. పేరు బెంగుళూరు నాగరత్నమ్మ.

ఆవిడ కథను త్యాగరాజస్వామి దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక పుస్తకం దగ్గర మొదలుపెడతాను. తిరువయ్యారులో ఆవిడకు ఎదురైనది ఆవిడకు కొత్త కాదని, అంతకు పదిహేనేళ్ళ ముందే మద్రాసులో అదే మాటను వేరే గొంతులతో విన్నదని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

మా కళాశాలలో దక్షిణాంధ్ర యుగం, అంటే తమిళదేశపు రాజుల కొలువుల్లో తెలుగు కవిత్వం వెలిగిన కాలం పాఠం చెబుతున్నప్పుడు, మాస్టారు తంజావూరు నాయకరాజు రఘునాథనాయకుడి ఆస్థానంలోని రామభద్రాంబ గురించీ, విజయరాఘవుడి చేత కనకాభిషేకం చేయించుకున్న రంగాజమ్మ గురించీ ఉత్సాహంగా చెప్పి, ఆ వరుసలోనే ముద్దుపళని పేరు బోర్డుమీద రాసి, “ఈవిడ రాధికా సాంత్వనము రాసింది, అది మీకు అక్కరలేదు” అని డస్టరు అందుకున్నారు. ఆ సాయంత్రమే మాలో నలుగురం గ్రంథాలయానికి పరుగెత్తామని వేరే చెప్పనక్కరలేదు.

ముద్దుపళని తంజావూరు కవయిత్రి. 1739 నుంచి 1763 వరకూ ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండేది. ఏలిక మరాఠీవాడు, ప్రజలు తమిళులు, కావ్యభాష తెలుగు. నాయకరాజులు పోయినా తంజావూరులో తెలుగు కవిత్వం పోలేదు. ఆమె భోగం వారి ఇంట, అంటే దేవదాసీల ఇంట పుట్టింది. సంగీతం, నాట్యం, సాహిత్యం ఆ ఇళ్ళలో ఆడపిల్లలకు తల్లుల నుంచి దక్కే ఆస్తి. గోదాదేవి తిరుప్పావైని ‘సప్తపదములు’ అన్న పేరుతో తెలుగు చేసింది కూడా ఈమేనన్న సంగతి ఆమెను తిట్టినవాళ్ళెవరూ ఎత్తరు.

ఇక రాధికా సాంత్వనము నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం, 584 పద్యాలు. తాను పెంచి పెద్దచేసిన ఇళ అనే పిల్లను రాధే స్వయంగా కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. పెళ్ళికూతురికి మగడి దగ్గర ఎలా మసలుకోవాలో చెబుతుంది. కృష్ణుణ్ణి పక్కకు పిలిచి, పసిది, మెల్లగా చూసుకోమని చెబుతుంది. తీరా వాళ్ళిద్దరూ ఒకరి లోకంలో ఒకరు పడి తనను మరిచిపోయేసరికి, తన చేత్తో కట్టిన పందిరి తన నెత్తిమీదే కూలినట్టు అల్లాడిపోతుంది. అప్పుడు కృష్ణుడు వస్తాడు, బతిమాలుతాడు, ఆమె కాదంటుంది, మళ్ళీ బతిమాలుతాడు. కావ్యం పేరులోని సాంత్వనం ఆ ఓదార్పే. ఈ కావ్యంలో కోరిక రాధది, కోపమూ రాధది. మగవాడి కళ్ళకు ఆడది ఎలా కనిపించిందన్న లెక్కలో సాగే ప్రబంధాల నడుమ ఇది ఆడదానికి ఏమనిపించిందన్న లెక్కలో సాగుతుంది. నా మటుకు నాకు కొన్ని వర్ణనలు పాతబడినట్టే అనిపించాయి. కానీ పెళ్ళి చేసిన చేతులతోనే రాధ దుఃఖాన్ని దిగమింగుకునే ఆ ఘట్టం ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

అయితే అలిగి మగణ్ణి కాదన్న నాయిక తెలుగుకు కొత్తా? నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ తన పాదాలమీద పడబోయిన శ్రీకృష్ణుడి తలను ఎడమకాలితో తోసేసింది. బ్రహ్మేంద్రాదులు పూజించే శిరస్సును ‘వామపాదంబునం దొలగం ద్రోచె లతాంగి’ అన్న ఆ పద్యం తెలుగు పాఠాల్లో ఎన్ని తరాలుగా నలిగిందో లెక్కలేదు. అవధానుల నోట, నాటకాల వేదికల మీద, కూచిపూడి భామాకలాపం చుట్టూ ఆ తన్ను ముద్దుగానే బతికింది. తిమ్మన రాస్తే రసమైనది ముద్దుపళని రాస్తే బూతెలా అయిందన్న ప్రశ్నను 1910లో అచ్చులో అడిగినది నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో దేవదాసి పుట్టలక్ష్మికి పుట్టారు. మైసూరులో సంస్కృతం, బెంగుళూరులో సంగీతం నేర్చుకుని, మద్రాసులో కచేరీలు చేసి పేరూ ధనమూ సంపాదించి, ‘విద్యాసుందరి’ అనిపించుకున్నారు. తంజావూరు సాహిత్యం గురించి చదువుతుండగా రాధికా సాంత్వనము గొప్ప కావ్యమన్న మాట ఆవిడ కంట పడింది. ఎంతో ప్రయత్నించిన మీదట, సి.పి. బ్రౌను అనుయాయి అయిన పైడిపాటి వెంకటనరసు 1887లో వేయించిన అచ్చు ప్రతి దొరికింది. తరువాత రాతప్రతి కూడా చేతికి వచ్చాక రెంటినీ దగ్గర పెట్టుకుని చూస్తే, అచ్చు ప్రతిలో కొన్ని పద్యాలు లేవు, కావ్యం ముందుండే అవతారికా లేదు.

ఈ అవతారిక సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ప్రబంధ కవి అవతారికలో తాత, తండ్రి, గోత్రం, గురువు చెప్పుకుంటాడు. ముద్దుపళని తన ముందు తరాల ఆడవాళ్ళను చెప్పుకుంది. అంతటితో ఆగక, తనలాంటి స్త్రీలలో పండితులను ధనమిచ్చి సన్మానించినది ఇంకెవరు, కావ్యాలు అంకితం పుచ్చుకున్నది ఇంకెవరు, ఇన్ని కళల్లో ఇంత పేరు పొందినది ఇంకెవరు అని తన్ను తానే మెచ్చుకుంది. మగకవుల స్వోత్కర్షను చమత్కారంగా చెప్పుకునే మనకు ఇందులో తప్పు కనిపించకూడదు. కానీ శృంగార పద్యాలతోపాటు, ఒళ్ళు దాచుకోవలసిన అవసరమే లేని ఈ భాగాన్ని కూడా అచ్చులోంచి తీసేశారంటే, వాళ్ళను ఇబ్బంది పెట్టింది శృంగారమొక్కటే కాదని నాకు అనిపిస్తుంది.

తీసేసినవన్నీ తిరిగి చేర్చి నాగరత్నమ్మ పరిష్కరించిన ప్రతిని 1910లో మద్రాసులో వావిళ్ళ వారు అచ్చువేశారు. ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించే ఈ కావ్యాన్ని రాసినది ఒక స్త్రీ కావడమే కాక, తమ కులంలో పుట్టినది కావడం వల్ల కూడా దానిని ఉన్నదున్నట్టు ప్రకటించాలనుకున్నానని ఆవిడ పీఠికలో చెప్పుకున్నారు. ‘మా కులం’ అన్న మాటను ఆవిడ దాచలేదు, దానికి సంజాయిషీ కూడా ఇచ్చుకోలేదు.

తిట్లు వెంటనే వచ్చాయి. ఒక వేశ్య రాసిన పుస్తకాన్ని మరొక వేశ్య పరిష్కరించిందని శశిలేఖ పత్రికలో రాశారు. కందుకూరి వీరేశలింగం గారైతే ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళనిని జారస్త్రీగా పేర్కొని, ఈ పుస్తకంలోని చాలా భాగాలు ఆడవాళ్ళ నోట రావడం అటుంచి చెవిన కూడా పడకూడనివని, వేశ్యాకులంలో పుట్టినందువల్ల ఆమెకు స్త్రీలకు సహజమైన సిగ్గు లేకపోయిందని తేల్చారు. ఇక్కడ మనం తడబడతాం. 1881లో రాజమహేంద్రవరంలో, ఊరు ఊరంతా వెలివేస్తామన్నా వినకుండా, మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి ఆయన. లోకం కాదన్న ఆడవాళ్ళకోసం ఒక జీవితం ఖర్చుపెట్టిన మనిషికి ఈ ఒక్క ఆడదాని గొంతు ఎందుకు సహించలేదు? ఆయన రక్షించదలచిన స్త్రీ నిస్సహాయురాలు, జాలికి పాత్రురాలు. ముద్దుపళని జాలి అడగలేదు, పైగా తన్ను మెచ్చుకోమంది. ఆయన సంస్కరణలో అటువంటి మనిషికి పీట వేయలేదు.

నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్ళకే సహజమా, మగవాళ్ళకు అక్కరలేదా అని అడిగారు. ముద్దుపళని వేశ్య కనుక సిగ్గులేకుండా రాసిందంటే, పెద్దమనుషులైన పండితులు అంతకంటె పచ్చిగా రాసిన కావ్యాల మాటేమిటని అడిగారు. అన్నిటికీ మించి, ఇంతకన్న మోటు శృంగారమున్న వైజయంతీ విలాసమనే కావ్యాన్ని వీరేశలింగం పంతులుగారే స్వయంగా పరిశీలించి అచ్చుకు పంపారని గుర్తుచేశారు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలిసి, ఆయన బల్లమీది పుస్తకాన్నే ఎత్తి చూపించి అడిగిన ప్రశ్న అది. దానికి సరైన జవాబు నాకైతే ఎక్కడా కనిపించలేదు.

జవాబు పోలీసుల రూపంలో వచ్చింది. 1911లో వావిళ్ళ వారి దగ్గరున్న ప్రతులను జప్తు చేశారు. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు అభ్యంతరకరమైన భాగాలున్నాయని చెప్పడంతో, మరికొన్ని ప్రబంధాలతో కలిపి దీన్ని కూడా నిషేధించారు. వావిళ్ళ వేంకటేశ్వరశాస్త్రులు వాదించినా, పండితులు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. 1947లో మద్రాసు ప్రధానమంత్రిగా (ముఖ్యమంత్రి పదవిని అప్పుడు అలా పిలిచేవారు) ఉన్న టంగుటూరి ప్రకాశం గారు ఆ నిషేధం ఎత్తివేశారు. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ అచ్చువేశారు.

ఇప్పుడు తిరువయ్యారుకు వద్దాం. త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉన్న తీరును వర్ణిస్తూ గురువు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం నాగరత్నమ్మను కదిలించింది. స్థలం సంపాదించి 1921 అక్టోబరులో శంకుస్థాపన చేయించారు. నగలమ్మి, కచేరీల సొమ్ము పోసి మందిరం పూర్తిచేయించి, 1926 జనవరిలో కుంభాభిషేకం జరిపించారు. అప్పటికి ఆరాధన చేసే విద్వాంసులు పెరియ కట్చి, చిన్న కట్చి అని, అంటే పెద్ద జట్టు, చిన్న జట్టు అని రెండుగా చీలి ఉన్నారు. ఏ విషయంలోనూ పొసగని ఆ రెండు జట్లకూ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది. ఆడవాళ్ళు, అందులోనూ దేవదాసీలు, సమాధి ఎదుట పాడకూడదు. మందిరం కట్టించిన మనిషి హరికథ చెబుతానన్నా ఒప్పుకోలేదు.

ఆవిడ గుడికి తాళం వేయలేదు. 1927లో ఆడవాళ్ళను కూడగట్టి, మందిరం వెనుక వైపున వేరే ఆరాధన మొదలుపెట్టారు. జనం దానికి పెణ్ కట్చి, అంటే ఆడవాళ్ళ జట్టు అని పేరు పెట్టారు. ముందు వైపున రెండు జట్ల మగవాళ్ళు, వెనుక వైపున వీళ్ళు. ఒకే స్వామికి, అవే తెలుగు కీర్తనలు. ఇలా చాలా ఏళ్ళు నడిచింది. చివరకు మూడు జట్లూ ఒకటై 1941 నుంచి ఒకే ఆరాధన జరుగుతోంది. ఆడవాళ్ళకు ముందు వైపున చోటు దొరికింది ఆ ఏడే.

మధ్యలో దేవదాసీ వ్యవస్థను రద్దుచేయాలని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో ప్రయత్నించినప్పుడు, నాగరత్నమ్మ తదితరులు తమను వేశ్యలతో ఒకే గాట కట్టవద్దని ఎదురు విజ్ఞప్తి పెట్టారు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది, అది వేరే వీడియోకు సరిపడే సంగతి.

నాగరత్నమ్మ చివరి సంవత్సరాలు తిరువయ్యారులోనే గడిపి, 1952 మే నెలలో కన్నుమూశారు. అంతకు మూడేళ్ళ ముందు వీలునామా రాయించి, తన ఆస్తిని సమాధి మందిరానికే వదిలిపెట్టారు. అందులో ఒక షరతు పెట్టారు. దేవదాసీలతో సహా ఆడవాళ్ళెవరైనా ఆ మందిరంలో పూజ చేసుకోవడానికీ, పాడుకోవడానికీ ఎవరూ అడ్డుచెప్పకూడదు.